పల్లెవెలుగు వేగం ఎంత?

వార్షికోత్సవ సంచికకు తలా ఒకటి రాసివ్వమని వార్డెన్ సారు చెప్పగానే మన హాస్టల్లో చాలామంది అమ్మ మీద, చెట్టు మీద కవితలు రాసి ఇచ్చేశారు. మా నలుగురికీ కవిత్వం రాదు. ఈ ఏడాదంతా మేము తల బద్దలు కొట్టుకున్న సంగతి ఒక్కటే, బంతి వేగాన్ని కొలిచే స్పీడ్ గన్. అందుకని దాని గురించే రాస్తున్నాం. తప్పులుంటే లెక్కల సారు దిద్దుతారు.

చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలకు స్పీడ్ గన్ కొత్తేమీ కాదు. బీజాపూర్ రోడ్డు మీద పోలీసుల చేతుల్లో చూసినవాళ్ళమే. ఇంటికి చలాన్ వచ్చాక అన్నలు, బాబాయిలు దాన్ని తిట్టడమూ విన్నవాళ్ళమే. బంతి వేగం కొలవడం కూడా పోలీసుల గన్‌తోనే మొదలైంది. 1974లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ బేస్‌బాల్ కోచ్ డానీ లిట్‌వైలర్, క్యాంపస్ పోలీసుల దగ్గర కార్ల వేగం చూసే రాడార్ గన్‌ను చూసి, దీంతో మా పిల్లలు విసిరే బంతిని ఎందుకు కొలవకూడదు అనుకున్నాడు. అక్కడి నుంచి ఆటల్లోకి వచ్చింది.

మాకు దాంతో పని ఎందుకు పడిందంటే, మా గదిలో ఒక ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయం. హాస్టల్లో అందరూ వాణ్ణి పల్లెవెలుగు అంటారు. రనప్ చూస్తే ప్రతి స్టాపులో ఆగుతూ వచ్చే బస్సే. చేతిలోంచి బంతి బయటపడ్డాక తెలుస్తుంది అసలు సంగతి. మొయినాబాద్ హాస్టల్ వాళ్ళతో మ్యాచ్ ఆడినప్పుడు వాళ్ళ ఓపెనర్ రెండు బంతులు చూసి, "సార్, వీడు టెన్త్ కాదు సార్, డిగ్రీ" అని మా పీఈటీ సారు దగ్గరికి పంచాయితీకి వచ్చాడు.

పోయిన చలికాలంలో హైదరాబాద్ వైపు ఒక చోట పిల్లల ఫాస్ట్ బౌలింగ్ ట్రయల్స్ పెడితే పీఈటీ సారు మమ్మల్ని తీసుకెళ్ళారు. ఎక్కడో, ఎవరు పెట్టారో ఇక్కడ అవసరం లేదు. ఒక సారు కుర్చీలో కూర్చుని గన్ పట్టుకున్నారు. తలా ఆరు బంతులు. గంటకు 110 కిలోమీటర్లు దాటితేనే పేరు రాసుకుంటారు. మావాడికి వచ్చినవి 101, 98, 103, 104, 102, 100. ఒక్కటీ దాటలేదు.

మెహిదీపట్నంలో బస్సెక్కిన తర్వాత ఎవరం మాట్లాడలేదు. అజీజ్‌నగర్ దాటాక వాడే అన్నాడు, "ఇగ నేను బంతి పట్టనురా. మనిషంటే అబద్ధం చెప్తడు, మిషిన్ చెప్తదా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఫిజిక్స్ సారును అడిగాం. ఆయన నవ్వి, "మిషిన్ అబద్ధం చెప్పదు. కానీ అడిగినదానికే జవాబు చెప్తది. మీరేం అడిగిండ్రు దాన్ని?" అన్నారు.

తర్వాత ఆయన బోర్డు మీద వేసి చెప్పింది ఇది. అంబులెన్స్ మనవైపు వస్తుంటే సైరన్ సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. దాన్ని డాప్లర్ ఫలితం అంటారు. గన్ వదిలేది శబ్దం కాదు, రేడియో తరంగాలు. ఒక రకం గన్‌లో అవి సెకనుకు 2400 కోట్ల సార్లు కంపిస్తాయి. అవి బంతికి తగిలి వెనక్కి వచ్చేసరికి ఆ సంఖ్య కొంచెం మారుతుంది. బంతి గంటకు 144 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 40 మీటర్లతో సూటిగా వస్తుంటే మారేది 6400. 2400 కోట్లలో 6400 తేడాను పట్టుకుంటుంది మరి, తక్కువ మిషిన్ కాదు. రాడార్ గన్ సరిగా ఉందో లేదో చూడటానికి శృతిదండాన్ని మోగించి దాని ముందు పెడతారట. శృతిదండం మన ల్యాబులోనూ ఉంది, గన్నే లేదు.

అయితే గన్‌కు తెలిసేది ఒక్కటే, బంతి తనవైపు ఎంత వేగంగా వస్తున్నది అన్నది. బంతి దారికి ఎదురుగానో, సరిగ్గా వెనకనో నిలబడితే అసలు వేగం చూపిస్తుంది. పక్కకు జరిగి పట్టుకుంటే అసలు వేగాన్ని ఆ కోణం కొసైన్‌తో గుణించినంతే చూపిస్తుంది. 10 డిగ్రీలు పక్కకు పోతే నూటికి ఒకటిన్నర తగ్గుతుంది, పట్టించుకోనక్కర్లేదు. 20 డిగ్రీలకు 6, 30 డిగ్రీలకు 13 పైనే తగ్గుతుంది.

ఇది వినగానే మాలో ఒకడు లేచి నిలబడ్డాడు. వాడికి ఏది కనబడినా అంగలతో కొలిచే పిచ్చి. ట్రయల్స్ రోజు అందరూ టీకి వెళ్ళినప్పుడు ఆ కుర్చీ దూరం కూడా కొలిచాడట. బౌలర్ బంతి వదిలే చోటు నుంచి పిచ్ వెంట 21 అంగలు, అక్కడి నుంచి పక్కకు 12 అంగలు. 12ను 21తో భాగిస్తే 0.57. టాన్ 30 ఎంతో టెన్త్ వాళ్ళందరికీ తెలుసు, 0.577. కొసైన్ 30 అంటే 0.866. 104ను దాంతో భాగించాం. 120 వచ్చింది. త్రికోణమితి పాఠం ఎందుకు పెట్టారురా అని ఏడ్చినవాళ్ళం, ఆ సాయంత్రం ఆ లెక్కను ఆరుసార్లు చేసుకున్నాం.

కోణం వల్ల వేగం తగ్గడమే తప్ప పెరగదు. మరి ఎక్కువ చూపించడం ఉండదా అంటే ఉంటుంది, దానికి కారణాలు వేరు. 2024 డిసెంబర్ 6న అడిలైడ్ టెస్టులో మన హైదరాబాద్ సిరాజ్ వేసిన బంతికి టీవీలో 181.6 అని పడింది. 2003 ప్రపంచకప్పులో షోయబ్ అక్తర్ వేసిన 161.3నే ఇంతవరకు రికార్డుగా చెప్పుకుంటారు. 181 అనగానే అది మిషిన్ పొరపాటని అందరూ నవ్వేశారు. ఆటో నడిపిన నాన్న కొడుకు సిరాజ్. దానికి రెండు నెలల ముందే మన రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీగా చేరాడు. పోలీసునే స్పీడ్ గన్ పట్టుకుందని మేము మాత్రం చాలా రోజులు చెప్పుకున్నాం. ఆలోచిస్తే ఒక సంగతి ఉంది. 181 వస్తే ఎవరూ నమ్మరు. 104 వస్తే అందరూ నమ్ముతారు. తక్కువ చూపించిన తప్పును పట్టుకునేవాళ్ళు ఉండరు.

కోణం ఒక్కటే కాదు, ఎక్కడ కొలిచారన్నది కూడా చూడాలి. గాలి ఆపుతుంది కాబట్టి చేయి వదిలిన క్షణంలోనే బంతి వేగం ఎక్కువ. బేస్‌బాల్‌లో బంతి నేలకు తగలకుండానే బ్యాటర్‌ను చేరేలోపు నూటికి ఎనిమిది, పది తగ్గిపోతుంది. మన ఆటలో పిచ్ మీద పడి లేచాక ఇంకా తగ్గుతుంది. 1946లో బాబ్ ఫెల్లర్ బంతిని ప్లేటు దగ్గర కొలిస్తే సుమారు 159 కిలోమీటర్లు వచ్చింది. 1974లో నోలన్ ర్యాన్‌ది కూడా బ్యాటర్‌కు దగ్గరపడ్డాక కొలిస్తే 162. 2010లో అరోల్డిస్ చాప్‌మన్‌కు 169 వచ్చింది, అది చేతికి దగ్గర్లో కొలిచినది. ర్యాన్ వేగాన్ని చేతి దగ్గరి వేగంగా మార్చి చూస్తే 170 దాటుతుందని లెక్క కట్టినవాళ్ళున్నారు. ముగ్గురిలో ఎవరు గొప్ప అనే గొడవ వాళ్ళు చూసుకుంటారు.

మా 120 కూడా అంగలతో కట్టిన లెక్కే కదా అని ఫిజిక్స్ సారు అనుమానం పెట్టారు. సరే అని ఆయన ఫోన్‌తోనే వీడియో తీశాం. సెకనుకు 60 బొమ్మలు. చేతినుంచి వదిలిన బొమ్మ నుంచి అవతలి క్రీజు చేరిన బొమ్మ దాకా లెక్కబెడితే 35 వచ్చాయి. ఒక క్రీజు నుంచి ఇంకో క్రీజుకు 17.68 మీటర్లు. గంటకు 109 కిలోమీటర్లు అయింది. ఒక్క బొమ్మ అటూ ఇటూ అయితే 3 కిలోమీటర్లు మారుతుంది, ఆ మాట దాచం. కానీ ఇది పడి లేచి నెమ్మదించిన తర్వాతి దూరాన్ని కూడా కలుపుకున్న సగటు. చేయి వదిలినప్పటి వేగం దీనికంటే ఎక్కువే ఉండాలి. ట్రయల్స్‌లో మావాడు 110 దాటాడనే మా నలుగురి తీర్పు. సారు తలూపారు.

పీఈటీ సారు ఆ కాగితాలు పట్టుకుని ఫోన్ చేశారు. అవతలివాళ్ళు మర్యాదగానే మాట్లాడి, లిస్టు అయిపోయింది, వచ్చేసారి రండి అన్నారు. వచ్చేసారి కుర్చీ వెయ్యకముందే మేమే అక్కడ ఉంటాం. కీపర్ వెనక వెయ్యండి సార్ అని చేతులు జోడించి అడుగుతాం. మిగతా పిల్లలకు కూడా అదే మంచిది, ఆ రోజు 104, 105 దగ్గర ఆగి ఇంటికి పోయినవాళ్ళు ఇంకెంతమందో.

లెక్క చూపించిన రోజు పల్లెవెలుగు కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసి, మడిచి జ్యామెట్రీ బాక్సులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే గ్రౌండుకు వచ్చాడు. ఇప్పుడు స్టడీ అవర్ బెల్లు కొట్టేదాకా స్టంపు దగ్గర ప్లాస్టిక్ చెంబు పెట్టి దాన్నే కొడుతున్నాడు. ఇప్పటికి మూడు చెంబులు పగిలాయి. ఆ లెక్క వార్డెన్ సారు దగ్గర ఉంది.