మార్టూరులో ఒక తీగెడు ఉత్తరాలు

పాత కార్డులూ, పాత సామానులూ కొని అమ్మడం కూడా ఒక వ్యాపారమేనా అని మా బంధువులు నవ్వుతూంటారు. నవ్వనీయండి! అడకత్తెరకూ, మరచెంబుకూ, 1943లో వచ్చిన చిల్లు కానీకీ ఇవాళ గిరాకీ ఉంది. నూరేళ్ళు దాటిన వాటి జోలికి మాత్రం నేను పోను. 1972 నాటి చట్టం ప్రకారం వాటిని అమ్మాలంటే లైసెన్సు కావాలి.

మొన్న మాఘమాసంలో మార్టూరు వెళ్ళాను. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు బస్సులో వెళుతూంటే రోడ్డుకు ఇరుపక్కలా గ్రానైటు పలకలు నునుపు చేసే ఫ్యాక్టరీలు కనబడతాయి. వాటి తెల్లని దుమ్ము దాటితే మళ్ళీ నల్లరేగడి చేలు, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. తుమ్ముకుంటూనే దిగాను.

ఒక పాత పెంకుటిల్లు పడగొడుతున్నారనీ, అందులో పాత కార్డులున్నాయనీ కబురు. ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి. ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరాల గుత్తి, ఒక ఇత్తడి తాంబూలపు పెట్టె నా ముందు పెట్టింది.

మన దేశంలో పోస్టుకార్డు 1879లో కానీ ధరకు పుట్టింది. ఈ తీగెకున్నవి 1957 తరువాతి అయిదు నయాపైసల కార్డులు. చిరునామాల్లో "మార్టూరు, గుంటూరు జిల్లా" అని ఉంది. 1970లో ఈ ఊరు కొత్త జిల్లాలోకి పోయింది, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కొనేవారికి కావలసింది ఆ చిరునామా, ఆ తపాలా ముద్ర. వెనక ఏముందో ఎవరూ చదవరు.

పెళ్ళి కార్డుల మూలల్లో పసుపు ఇంకా ఉంది. చావు కబురు వస్తే చదివి అక్కడే చింపేసేవారు కదా! అందుకే ఏ తీగె చూసినా ఆ ఇంటివారి చుట్టాల్లో ఎవరూ పోనట్టే ఉంటుంది.

"నాకు చదువు రాదు నాయనా. ఒకసారి చదివి వినిపించి పట్టుకుపో" అంది ఆవిడ.

మిరపకాయల ధరలు, పత్తి గింజల బాకీ, బారసాల పిలుపు వరసగా చదివాను. ఆవిడ నవ్వుతూ వింటోంది. 1959 ఫిబ్రవరి ముద్ర ఉన్న కార్డు దగ్గర నా నోరు ఆగిపోయింది. అది ఆవిడ మామగారికి ఆవిడ అన్నగారు రాసింది.

"ఏం నాయనా, ఆగావేం?"

"అక్షరాలు చెరిగిపోయాయి మామ్మగారూ" అన్నాను.

"అబద్ధం చెప్పకు. చదువు."

చదివాను. అమ్మకు జబ్బు ముదిరిందనీ, చెల్లాయి కోసం కలవరిస్తోందనీ, దయచేసి వెంటనే పంపమనీ ఉంది.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పింది. "అందరూ కులాసా అని రాశాడమ్మా అన్నారు మా మామగారు. పదో రోజుకు గానీ నేను వెళ్ళలేదు. ఉత్తరం రాస్తే రాలేదని అన్నయ్య తిట్టాడు. నువ్వు రాయనే లేదని నేను తిట్టాను. వాడు పోయేదాకా మా ఇద్దరికీ మాటల్లేవు."

మళ్ళీ కొంచెం ఆగి, "మిరప కోతల రోజులు. కళ్ళంలో మనిషి కావలసొచ్చి ఉంటుంది" అంది.

ఆ ముద్ర స్పష్టంగా ఉంది. మంచి ధర పలికే కార్డే. తీగె నుంచి జాగ్రత్తగా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, తాంబూలపు పెట్టెలో ఉంచి మూత వేసింది. మిగతా కార్డులకు బేరం కుదిరింది. పెట్టె ధర నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.