అన్నం ఇంట్లో, కూర బయట

హైదరాబాద్‌లో రాత్రి ఏడు దాటిందంటే కర్రీ పాయింట్ల ముందు జనం మూగుతారు. స్టీలు గిన్నెల్లో పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి. గరిటెతో తీసి కవర్లో పోసి, మూతి మెలిపెట్టి దారం చుట్టి ఇస్తారు. అక్కడ అన్నం కొనేవాళ్లు తక్కువ. అది ఇంట్లో కుక్కర్లో ఉడుకుతూ ఉంటుంది. నగరంలో మన తిండిని ఏది నిర్ణయిస్తోందంటే ఈ పంపకం కన్నా మంచి సాక్ష్యం నాకు కనబడదు. కడిగి పొయ్యి మీద పెడితే దాని మానాన అది అయ్యే అన్నం ఇంట్లో మిగిలింది. తరుక్కోవాలి, తాలింపు పెట్టుకోవాలి, మాడకుండా దగ్గరుండి కలుపుకోవాలి కాబట్టి కూర వీధిలోకి వెళ్లింది. నాలుక పెద్దగా మారలేదు, కొంటున్నది ఆ పప్పే, ఆ పులుసే. ఇంట్లో కరువైంది పొయ్యి దగ్గర నిలబడే మనిషీ, ఆ మనిషికి ఒక గంట తీరికా.

ఆ గంట ఇన్నాళ్లూ ఎవరు ఇచ్చారో చెప్పడానికి లెక్కలున్నాయి. 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి, అది చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెడుతున్నది 97. ఆమె ఉద్యోగానికి బయల్దేరి, రానూ పోనూ రెండు గంటలు బస్సులో గడిపితే, ఇంట్లో ఖాళీ అయిన చోటుకి మగవాడు రాలేదు, అంగడి వచ్చింది. దోసెల పిండి ప్యాకెట్టు, అల్లం వెల్లుల్లి పేస్టు, తరిగిన కూరముక్కలు అలా వచ్చినవే. 2022-23 కుటుంబ వినియోగ సర్వేలో పట్నవాసి ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో తిండికి 39 పోతుంటే, అందులో పదికి పైగా పానీయాలకూ, తయారుగా దొరికే తిండికీ పోతున్నాయి. పాలకు పెట్టేదాని కన్నా అది ఎక్కువ. దీన్ని చిరుతిండి యావ అని కొట్టిపారేయడం అన్యాయం. ఒకప్పుడు ఉచితంగా అందిన శ్రమకు ఇప్పుడు కడుతున్న కూలి కూడా అందులో ఉంది.

ప్రకటనలూ యాప్‌లూ జనాన్ని చెడగొట్టాయని అంటారు. పిల్లల చేతిలోని చిప్స్ ప్యాకెట్టు విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. కానీ స్విగ్గీ పుట్టింది 2014లో. కర్రీ పాయింట్లు అంతకు ముందే వీధివీధినా ఉన్నాయి. అసలు సంగతి డబ్బే కదా అని మరో మాట. డబ్బున్న ఇంట్లో వేడివేడిగా నాలుగు కూరలు ఉంటున్నాయంటే, అక్కడ వంటమనిషి సమయాన్ని కొన్నారు. నాలుగిళ్లలో వండి ఇల్లు చేరేసరికి ఆమె పిల్లలకు ఏం మిగులుతుందో కూడా ఈ లెక్కలోకి రావాలి. అదే 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం దగ్గర మధ్యాహ్నం వరసలో నిలబడేది కూలీలు, ఉద్యోగాల కోసం చదువుకుంటున్న కుర్రాళ్లు. వాళ్లకు చవక ముఖ్యమే. అయితే వాళ్లలో చాలామంది ఉండే గదుల్లో పొయ్యి పెట్టుకునే చోటే ఉండదు.

ఆరోగ్యం గురించి హితవు చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు జొన్నరొట్టె రోజువారీ తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల కంచాల్లోకి వరి అన్నం మరింత చేరింది; ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టను. ఇప్పుడు షుగరు వచ్చినవాళ్లను రొట్టె తినమంటున్నారు. తినాలనే ఉంటుంది, ఇంట్లో చేసే చెయ్యి లేదు. జొన్నపిండి సాగదు. వేడినీళ్లతో కలిపి, అరచేత్తో తడుతూ, అంచు చీలకుండా తిప్పుతూ, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దాలి. ఆ ఒడుపు పల్లె నుంచి వచ్చి రోడ్డు పక్కన బండి పెట్టుకున్న ఆడవాళ్ల చేతుల్లో ఉంది. ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు ఒకటో రెండో కాగితంలో చుట్టించుకుని వెళ్తారు. పిండి అయిపోగానే ఆమె పెనం దించేస్తుంది. ఆలస్యమైన వాళ్లకు ఆ రాత్రి కుక్కర్లో అన్నమే.