పగలాల్సిన చోట

మా ఇల్లు గుంటూరు జిల్లాలో, నల్లరేగడి నేల మీద ఉంటుంది. గేటు నుంచి గడప దాకా ఉన్న కాంక్రీట్ దారి తాతయ్య పోయించింది. అది నడిమధ్యలో పగిలి, ఒక పక్క అంగుళం పైకి లేచింది.

సెకండియర్ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న, "నువ్వు సివిలేగా, దీని సంగతేదో చూడరా" అన్నాడు. ఇసుకా సిమెంటూ కలిపి పగులు మీద పూసేశాను. నున్నగా వచ్చింది. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా.

ఒక్క వానాకాలానికే ఆ పూత ఊడింది. పొద్దున్నే పూలు కోయడానికి వెళ్లిన నాయనమ్మ ఆ అంచు తగిలి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఎవరూ నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

మొన్న వేసవిలో పాత దారి మొత్తం పగలగొట్టించాం. అప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. కింద గ్రావెల్ లేదు, ఏమీ లేదు. నేరుగా నల్లమట్టి మీదే పోశారు. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. జబ్బు కింద ఉంటే నేను పైన మందు రాశానన్నమాట. సాయిల్ మెకానిక్స్‌లో ఈ ప్రశ్నకి నాకు మంచి మార్కులే వచ్చాయి మరి!

అడుగు లోతు నల్లమట్టి తీయించి, గ్రావెల్ పోసి, తడిపి దిమ్మిస కొట్టించాం. దాని మీద 4 అంగుళాల కాంక్రీట్. మేస్త్రి మాలులో ఇంకో బకెట్ నీళ్లు పోయబోతే ఆపాను.

"పల్చగా ఉంటే పని తేలిక బాబూ."

"బలం తగ్గుద్ది మేస్త్రీ."

నవ్వి బకెట్ దించాడు. కానీ నీళ్లు నిలవకుండా గేటు వైపుకి వాలు పెట్టింది ఆయనే. లెవెల్ ట్యూబుతో పది నిమిషాల్లో తేల్చేశాడు. నాకైతే గంట పట్టేది.

మే నెల ఎండ, పైగా పీపీసీ సిమెంటు. ఐఎస్ 456 చెప్పినట్టు 14 రోజులు గోనెసంచులు పరిచి నేనే తడిపాను.

పదిహేనో రోజు నాయనమ్మ వాకర్ పట్టుకుని బయటికొచ్చింది. ఐదడుగులకొకటి అడ్డంగా కోయించిన గీతల్లో మొదటిదాని దగ్గర ఆగింది.

"ఇదేంట్రా, అప్పుడే పగిలిందా?"

"కాదు నాయనమ్మా. కాంక్రీట్ ఆరేటప్పుడు ఎలాగూ పగులుద్ది. ఆ పగిలేదేదో ఈ గీతలోనే పగలాలని ముందే కోయించాం."

"మరి అంచు లేవదు కదా?"

"లేస్తే నాకు చెప్పు. ఈసారి పూత వేయను."

నాయనమ్మ ఒక్క క్షణం నా మొహం చూసింది. వాకర్ ఎత్తి గీత అవతల పెట్టి, నందివర్ధనం చెట్టు వైపు నడిచింది.