పేరు రాసుకునే చోటు

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, నీకు జాజ్ కంపోజిషన్ ఎందుకు అని అడగనివాళ్ళు లేరు. మా అత్తగారు ఫోన్‌లో అడిగారు. నా గైడ్ మేడమ్ ఈమెయిల్‌లో అడిగారు. ఫెలోషిప్ మీద ఏడాదిపాటు అమెరికాలోని ఒక యూనివర్సిటీకి వెళ్ళినదాన్ని, ముద్దుపళని మీద పుస్తకం పూర్తి చేసుకుని రావాలి గాని సంగీతం డిపార్ట్‌మెంట్‌లో కూర్చోవడమేమిటని వాళ్ళ ఉద్దేశం. మొదటి సెమిస్టర్‌లో హార్మనీ చదివి, రెండో సెమిస్టర్‌లో అడ్వాన్స్‌డ్ జాజ్ కంపోజిషన్ క్లాసులో చేరాను. ఆడిట్ విద్యార్థిని కాబట్టి నాకు మార్కులుండవు. పని మాత్రం అందరితో సమానం.

ఎందుకు చేరానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. చిన్నప్పుడు తెనాలిలో పదకొండేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మాస్టారు చెప్పిన సంగతి చెప్పినట్టు పాడితే "బాగా పట్టింది పిల్ల" అనేవారు. పెళ్ళిచూపుల్లో కూడా ఒక కీర్తన పాడాను. ఆ పదకొండేళ్ళలో నువ్వొక వర్ణం కట్టు, ఒక పాటకి బాణీ చెయ్యి అని నాతో ఎవరూ అనలేదు. నాకూ ఆ ఊహ రాలేదు. తర్వాత పరిశోధనలోకి వచ్చాను. అక్కడా ఇంకొకరి మాటలకి వ్యాఖ్యానం రాయడమే. పాడటం ఆడదాని గుణం, కట్టడం మగవాడి ప్రతిభ అన్న విభజన నాలో ఎంత లోతుగా ఉందో హైదరాబాద్‌లో కీబోర్డు ముందు కూర్చుని జాజ్ హార్మనీతో కుస్తీ పడుతున్నప్పుడు తెలిసింది. నా స్వరం నేను రాసుకోవాలంటే చేయి ఆగిపోయేది.

బిగ్ బ్యాండ్ అంటే మామూలుగా పదిహేడుమంది. ఐదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటార్, బాస్, డ్రమ్స్. వీళ్ళందరికీ ఎవరి కాగితం వాళ్ళకి రాసివ్వాలి. నేను పియానో మీద 'సి' వాయిస్తే అదే స్వరాన్ని ట్రంపెట్ కాగితం మీద 'డి' అనీ, ఆల్టో శాక్సోఫోన్ కాగితం మీద 'ఏ' అనీ రాయాలి. మన చెవి ఒకే గీత వెంట నడుస్తుంది, గమకం ఎక్కడ వంగిందో చూస్తుంది. ఇక్కడ ప్రతి స్వరం కిందా మరి మూడు స్వరాలు నిలబడి ఉంటాయి. వాటిని ఇరుకుగా పేర్చాలా, దూరదూరంగా ఉంచాలా అన్న నిర్ణయం మీద పాట రంగే మారిపోతుంది. దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు స్వరాల్లో పైనుంచి రెండోదాన్ని ఒక స్థాయి కిందికి దించితే చాలు, ఇరుకు గదిలో కిటికీ తీసినట్టుంటుంది. ఈ సంగతి అర్థమైన రోజు రాత్రి ఒంటిగంటదాకా కీబోర్డు వదల్లేదు.

అయితే ఈ విద్యలో సాంకేతికం సగమే. పదిహేడుమందికి కాగితాలు పంచడమంటే పదిహేడుమందికి ఏం చేయాలో చెప్పడం. ఆ చెప్పే అధికారం దగ్గరే ఆడవాళ్ళకి అడ్డంకి వచ్చింది. జాజ్‌లో గాయనులుగా స్త్రీలని లోకం నెత్తిన పెట్టుకుంది. రాసేవాళ్ళుగా వాళ్ళ పేర్లు వెతుక్కోవాలి.

లిల్ హార్డిన్‌ని చాలామంది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ భార్యగానే ఎరుగుదురు. ఆమె స్వయంగా పియానిస్టు, బాణీలు కట్టిన మనిషి. 1959లో రే చార్లెస్ పాడిన 'జస్ట్ ఫర్ ఎ థ్రిల్' బాణీ ఆమెదే. మేరీ లూ విలియమ్స్ (1910–1981) కథ నన్ను ఇంకా పట్టుకుంది. ఆండీ కర్క్ బ్యాండ్‌లో ఉన్న తొలిరోజుల్లో ఆమెకి స్వరాలు కాగితం మీద పెట్టడం రాదు. ఆమె వాయిస్తే కర్క్ రాసుకునేవాడు. తర్వాత ఆ రాత తనే నేర్చుకుంది. ఎలింగ్టన్‌కీ, బెన్నీ గుడ్‌మన్‌కీ అరేంజ్‌మెంట్లు రాసిచ్చింది. 1945లో 'జోడియాక్ సూట్' పూర్తి చేసింది. చెప్పి రాయించుకునే స్థితి నుంచి తానే రాసే స్థితికి వచ్చిన ఆ మధ్యకాలం గురించే నాకు ఎక్కువ ఆలోచన. మన మౌఖిక సాహిత్యంలో ఎంతమంది స్త్రీలు ఆ మొదటి మెట్టు మీదే ఉండిపోయారో! వాళ్ళు చెప్పారు, ఎవరో రాసుకున్నారు, రాసుకున్నవాళ్ళ పేరు మిగిలింది.

మా క్లాసులో పన్నెండుమంది. ఆడవాళ్ళం ముగ్గురం. సెమిస్టర్ మొత్తంలో విశ్లేషించిన పధ్నాలుగు స్కోర్లలో స్త్రీ రాసింది ఒక్కటి, మరియా ష్నైడర్‌ది. ట్రాంబోన్ వాయించే నల్లజాతి అమ్మాయి ఇదేమిటని అడిగింది. ప్రొఫెసర్ చెడ్డవాడు కాదు. మంచి ప్రశ్న, కానీ టైము చాలదు అన్నాడు. టైము చాలనప్పుడు మొదట రాలిపోయేది ఎవరో మనకి తెలియనిదా? ఆ అమ్మాయీ నేనూ కలిసి మేరీ లూ మీద ఒక క్లాసు చెబుతామని అడిగి చెప్పాం.

ఆ ప్రయత్నంలోనే యూనివర్సిటీల్లోకి జాజ్ ఎలా వచ్చిందో చదివాను. అమెరికాలో జాజ్‌కి మొదటి డిగ్రీ 1947లో నార్త్ టెక్సస్‌లో పెట్టారు. జాజ్ అన్న మాటకి మర్యాద లేదని దానికి 'డాన్స్ బ్యాండ్' అని పేరు పెట్టారు. ఆ రాష్ట్రంలో తెల్లవాళ్ళ కాలేజీల్లోకి అప్పటికి నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. అంటే వాళ్ళు పుట్టించిన సంగీతానికి పట్టా ఇచ్చే గుమ్మం వాళ్ళకే మూసి ఉంది. అదే 1947లో మన మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. బానిసత్వం నుంచి వచ్చిన చరిత్రనీ మన కులచరిత్రనీ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పదాలూ ఆటా మర్యాదస్తుల ఇళ్ళకీ సభలకీ చేరిన దారి నాకు తెలుసు. తరతరాలుగా వాటిని నిలిపిన కళావంతుల స్త్రీలలో ఎంతమంది ఆ దారిలో లోపలికి రాగలిగారు? తెనాలిలో నాకు సంగీతం చెప్పించిన ఇల్లు ఆ మర్యాదస్తుల ఇల్లే. ఫెలోషిప్ మీద వచ్చిన నాకు ఈ కోర్సు ఉచితం. నా పక్కన కూర్చున్న ట్రాంబోన్ అమ్మాయి, తన ముత్తాతల సంగీతాన్ని, బ్యాంకు అప్పు మీద చదువుకుంటోంది.

సెమిస్టర్ చివర ప్రతివాళ్ళూ ఒక రచన చేయాలి. నేను రాగం మీద రాస్తానని అందరూ ఎదురుచూశారు. కల్యాణి స్వరాలూ లిడియన్ మోడ్ స్వరాలూ ఒకటే కదా అని ప్రొఫెసర్ ఉత్సాహపడ్డాడు. 1956లో బర్క్‌లీకి చదువుకోడానికి వచ్చిన తోషికో అకియోషి గుర్తొచ్చింది. కిమోనో కట్టుకుని జాజ్ వాయించే జపాన్ అమ్మాయిగా ఆమెని అప్పట్లో వింతగా చూశారు. తర్వాత 1973లో భర్తతో కలిసి సొంత బిగ్ బ్యాండ్ పెట్టింది. దానికి సంగీతమంతా తనే రాసింది. 'కోగున్'లో నో నాటకాల డ్రమ్ వాడింది, మినమాతలో పాదరసం విషానికి బలైన ఊరి గురించి ఒక సూట్ రాసింది. జపాన్‌ని ఎవరో ఆమె మీద అలంకరించడం వేరు, తనకి పని ఉండి తాను తెచ్చుకోవడం వేరు.

నాకు పని ఉన్నది ముద్దుపళనితో. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చువేసిన 'రాధికా సాంత్వనము'లో ఆమె తన వంశపు స్త్రీల గురించి చెప్పుకున్న అవతారిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ వాటిని మళ్ళీ చేర్చి 1910లో పుస్తకం తెచ్చింది. మరుసటేడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నా రచనకి 'అవతారిక' అని పేరు పెట్టాను. ముప్ఫై రెండు బార్ల బాణీ. దాని మొదటి ఎనిమిది బార్లు తీసేసి మొదలుపెట్టాను. ఏదో తప్పిపోయినట్టు వినపడుతూ ఉంటుంది. ఆ ఎనిమిది బార్లు చివర్లో ట్రాంబోన్ మీద వస్తాయి. వాటికి ముందు పదహారు బార్లు ఆ అమ్మాయి సోలోకి వదిలాను. సోలో ఉన్న చోట స్కోరులో స్వరాలుండవు, కార్డుల పేర్లూ ఏటవాలు గీతలూ ఉంటాయి. ఎలింగ్టన్ తన కాగితాల మీద వాద్యం పేరుకి బదులు వాయించే మనిషి పేరు రాసేవాడట. నేనూ 'ట్రాంబోన్ రెండు' అని రాయకుండా ఆమె పేరు రాశాను.

రిహార్సల్‌లో బ్యాండ్ ముందు నేనే నిలబడి నడపాలి. ట్రంపెట్లు మరీ గట్టిగా ఉన్నాయి. "మీకు వీలైతే, కొంచెం..." అంటున్నాను. ముప్ఫై ఏళ్ళ పెంపకం నోట్లోంచి అలాగే వస్తుంది మరి. బ్రేక్‌లో ఆ అమ్మాయి దగ్గరికొచ్చి "వాళ్ళని అడగొద్దు. చెప్పు" అంది. తర్వాత చెప్పాను. "నలభై ఒకటో బార్ నుంచి ట్రంపెట్లు సగానికి తగ్గాలి." తగ్గాయి. అంతే! దీనికోసమా ఇన్నేళ్ళు అనిపించింది.

ఆమె సోలో నేను ఊహించినట్టు లేదు. కోపంగా ఉంది, మధ్యలో ఎగతాళిగా కూడా ఉంది. నేను వదిలిన జాగాలో తన అవతారిక తాను చెప్పుకుంది. మరి ఆ పదహారు బార్లు ఎవరి రచన? రికార్డింగ్ కింద సోలో ఆమెదని పేరుపెట్టి రాశాను. స్కోరు మొదటి పేజీలో కుడివైపు పైన, కంపోజర్ పేరు ఉండాల్సిన చోట నా పేరు రాసుకున్నాను. రెండూ రాయడం అవసరమే. అన్నీ నావే అనడం ఎంత అన్యాయమో, నాదేం లేదండీ అనడం కూడా అంత అబద్ధం. రెండోది మనకి వినయమని నేర్పారు.

జాజ్ నేర్చుకునేవాళ్ళందరి దగ్గరా 'రియల్ బుక్' అని ఒక పుస్తకం ఉంటుంది. 1970ల్లో బర్క్‌లీ విద్యార్థులు కూర్చుకున్నది. అందులో స్త్రీల రచనలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డ్రమ్మర్ టెర్రీ లిన్ క్యారింగ్టన్ 2022లో నూటొక్క రచనలతో మరో పుస్తకం తెచ్చింది. అన్నీ స్త్రీలవే. లేరు, దొరకలేదు అన్న జవాబు ఇక ఎవరూ చెప్పడానికి వీల్లేకుండా బల్ల మీద పెట్టింది.

మన దగ్గర అలాంటి పుస్తకం లేదు. మన సభల్లో, శిబిరాల్లో, ఊరేగింపుల్లో ఎన్ని పాటలు పాడుకున్నాం! రాసినవాళ్ళ పేరు కరపత్రం మీద ఒక్కోసారి ఉంటుంది. బాణీ కట్టిన మనిషి పేరు ఎక్కడైనా వేశామా? ఆమె పొలం పనిలో ఉన్న మనిషో, మీటింగులో మన పక్కన కూర్చున్న మనిషో అయి ఉంటుంది. గుర్తున్నవాళ్ళున్నారు. అడిగి రాసుకుంటే ఇంకా దొరుకుతారు. వచ్చే సమావేశానికి వచ్చేవాళ్ళందరూ తలా ఒక పాటా, దాని బాణీ కట్టినామె పేరూ తీసుకురండి. స్వరం రాసిపెట్టే పని నేను చేస్తాను. ఇప్పుడు నాకు వచ్చు.