బండి వస్తోంది... వస్తూనే ఉంది!

క్యాబ్ బుక్ చేసుకునే అలవాటున్న ప్రతి ఒక్కరికీ ఈపాటికి ఓ సంగతి బోధపడే ఉంటుంది. ఫోన్లో కనిపించే నిమిషాలకూ గోడ గడియారంలోని నిమిషాలకూ ఎలాంటి చుట్టరికమూ లేదు. ‘4 నిమిషాల్లో వస్తున్నాడు’ అంటుంది ఫోను. మనం చెప్పులేసుకుని, తాళం పెట్టి, గేటు దగ్గరికొచ్చి చూసేసరికి అది 6 నిమిషాలవుతుంది. పావుగంట గడిచాక 9 నిమిషాలు! కారు బొమ్మ మాత్రం తెరమీద హాయిగా తిరుగుతూనే ఉంటుంది, మన ఇంటి వైపు తప్ప. ఇంటి ముందు నిలబడినప్పుడు ఇది నవ్వుకునే విషయమే. ఊరుకాని ఊళ్లో, చీకటి పడ్డాక, ముసలివాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని రోడ్డు పక్కన నిలబడినప్పుడే నవ్వు రాదు.

కిందటి దసరా సెలవులకు కంచిలి నుంచి మేం అయిదుగురం హైదరాబాద్ వెళ్లాం. మావారు, నేను, తొమ్మిదో తరగతి చదివే బాబు, ఆరో తరగతి పాప, మా అత్తగారు. నిజానికి ఈ ప్రయాణం పెట్టించింది ఆవిడే. ‘పిల్లలకు ఫిలింసిటీ సూపిద్దాం’ అని పైకి అన్నారుగానీ, చూడాలన్న కోరిక ఆవిడదేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడకి మూడేళ్లుగా కిడ్నీ జబ్బు. డయాలసిస్ దాకా రాలేదు. కానీ ఉప్పు మానేయాలి, నీళ్లు కొలిచి తాగాలి, నీరు తీసే మాత్ర వేళకు వేసుకోవాలి. మా ఉద్దానంలో ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది! ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఏ వీధికెళ్లినా ఒక ఇల్లుంటుంది. ‘కాళ్లు నడుస్తున్నప్పుడే ఎల్లిరావాలే అమ్మాయ్’ అన్నారావిడ. డాక్టరుగారు కూడా జాగ్రత్తలు చెప్పి సరేనన్నారు. కూకట్‌పల్లిలో మా తమ్ముడింట్లో దిగాం.

విజయవాడ హైవే మీద, నగరానికి ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న రామోజీ ఫిలింసిటీ 1996లో మొదలైంది. ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. లోపల అంతా బస్సుల్లోనే తిప్పి చూపిస్తారు కాబట్టి అత్తగారికి నడక బాధ పెద్దగా లేకపోయింది. ‘బాహుబలి’ సెట్ దగ్గర పిల్లలు కత్తి దూసినట్టు ఫొటోలు దిగారు. అత్తగారికి మాత్రం రైల్వేస్టేషన్ సెట్ తెగ నచ్చింది. ‘రైలు రాని టేసను. ఎవులూ ఎదురు సూడక్కర్లేదు’ అని ఒకటే నవ్వు. ఆ మాట ఎంత బాగుందో అర్థమవడానికి మాకు సాయంత్రం దాకా పట్టింది.

ఆరూ పదికి బయటికొచ్చాం. సన్నగా తుంపర. మాతోపాటే వందలమంది బయటికొచ్చారు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఎల్బీనగర్ వైపు సిటీ బస్సులు ఉన్నాయిగానీ, వచ్చినవి వచ్చినట్టే కిక్కిరిసిపోతున్నాయి. ఆ తోపులాటలో అత్తగారిని ఎక్కించే ధైర్యం లేకపోయింది. మా బాబు ఓ యాప్‌లో ఆరుగురు పట్టే బండి బుక్ చేశాడు.

మొదటి డ్రైవరు వెంటనే ఫోన్ చేశాడు. ‘డ్రాప్ యాడ సార్?’ కూకట్‌పల్లి. ‘క్యాషా, ఆన్‌లైనా?’ ఆన్‌లైన్. ఫోన్ కట్. రెండు క్షణాల్లో బుకింగూ కట్. రెండో అతని బండి హయత్‌నగర్‌లో ఓ సందు దగ్గర ఆగింది. ఎంతకీ కదలదు, ఫోన్ ఎత్తడు. మనకే విసుగొచ్చి రద్దు చేసుకుంటే ఆ ఛార్జీ మన ఖాతాలో పడుతుందని పక్కనున్నాయన వివరించాడు. మూడో అతను మర్యాదస్తుడు. ‘గ్యాస్ అయిపోయింది, మీరే క్యాన్సిల్ చేయండమ్మా’ అని బతిమాలాడు. నాలుగో బండి దాదాపు వచ్చేసింది, హైవేకి అవతలి పక్కకి! యూటర్న్ తీసుకోవడానికి ముందుకెళ్లింది, వెళ్తూ వెళ్తూ తెరమీంచే మాయమైంది. తొమ్మిది వందలతో మొదలైన ఛార్జీ పద్నాలుగు వందలు దాటింది. బాబు ఫోన్లో ఛార్జింగ్ పదిహేను శాతానికి దిగింది.

ఈలోగా అత్తగారు గట్టు మీద కూర్చున్నారు. ఇంటి నుంచి తెచ్చిన ఉప్పులేని పెరుగన్నం మధ్యాహ్నమే అయిపోయింది. పక్క బండిలో మిర్చిబజ్జీలూ మొక్కజొన్న కండెలూ ఉన్నాయిగానీ ఆవిడ తినేవి కావు. సీసాలో ఆ రోజు లెక్కకు మిగిలిన నీళ్లు రెండు గుక్కలు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వేరే. మాత్ర వేసుకున్న మనిషి గంటకోసారి లేవాలి. ‘రండి, లోపలికి తీసుకెళ్తా’ అంటే కదలరు. ‘నానెల్లినప్పుడే ఆ పిల్లోడు వచ్చేసి ఎల్లిపోతే?’ అంటారు. రాని బండి కోసం ఆవిడ ముప్పావుగంట అలా బిగబట్టుకుని కూర్చున్నారు. ఆఖరికి నేనే చేయిపట్టి లేపాను. అప్పుడు చూశాను పాదాలు. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయేంతగా వాచి ఉన్నాయి. మావారి మొహంలో రంగు మారింది. అప్పటిదాకా అది ఆలస్యం. ఆ క్షణం నుంచి భయం.

తిరిగొచ్చాక అత్తగారు కూర్చోలేదు. మా జంక్షన్‌లో ఆటోవాడు చేసే పని మొదలుపెట్టారు. నిలబడ్డవాళ్లందరినీ ‘ఎటెల్లాలమ్మా?’ అని అడుగుతూ తిరిగారు. నాందేడ్ నుంచి వచ్చిన కుటుంబానికి తెలుగు రాదు, ఆవిడకి మరాఠీ రాదు, అయినా వాళ్లు సికింద్రాబాద్ వెళ్లాలని కనుక్కున్నారు. కాస్త అవతల చెట్టు కింద ఒక్కతే నిలబడిన ఓ అమ్మాయిని చేయిపట్టుకుని తీసుకొచ్చారు. ఎల్బీనగర్ వెళ్లాలట. స్నేహితులు వేరే దారిన వెళ్లిపోయారు, ఈ పిల్లకు మూడుసార్లు బుకింగ్ రద్దయింది. ‘ఆరుగురి బండి, మనం అయిదుగురం. ఈ అమ్మాయి మనతో వస్తాది’ అని తేల్చేశారు. బండే లేదు, సీటు మాత్రం ఖాయం!

ఏడూ యాభై అయిదుకి అయిదో బండి నిజంగానే వచ్చి ఆగింది. దిగిన డ్రైవరుకు ఇరవై అయిదేళ్లుంటాయేమో. తిట్టడానికి సిద్ధంగా ఉన్న మావారు అతని కళ్లకింద నలుపు చూసి ఊరుకున్నారు. అత్తగారే అందుకున్నారు, ‘ఏటి నాయినా, మీరెవులూ రారా ఈ దిక్కుకి?’ అని.

అతను దాచుకోకుండా చెప్పాడు. ‘అమ్మా, ఈడికి రావాలంటే ఇరవై కిలోమీటర్లు ఖాళీగ రావాలె. ఆ డీజిల్‌కు పైసలెవరూ ఇయ్యరు. డ్రాప్ కాడ మళ్ల కిరాయి దొరికితే సరే, లేకుంటే అదీ ఖాళీయే. కమీషన్ పోను, కిస్తీ పోను మిగిలేది ఇంత. ఆన్‌లైన్ పైసలు మా చేతికి లేటుగ వస్తయి, డీజిల్ ఇప్పుడే కొట్టియ్యాలె. గందుకే క్యాషా అని అడుగుతరు. మీరీడ రెండు గంటలు చూసిండ్రు. మేం ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌ల ఒక్క కిరాయికి నాలుగు గంటలు చూస్తం.’

బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎల్బీనగర్ మెట్రో దగ్గర ఆ అమ్మాయి దిగి, తన వాటా రెండు వందలు మావారికి పంపబోయింది. ‘మాకెందుకు తల్లీ, ఆ పిల్లోడికియ్యి. ఖాళీగా వచ్చినాడు కదా’ అన్నారు అత్తగారు. అతను వద్దనలేదు.

ఆ రాత్రి ఆవిడ కాళ్ల కింద దిళ్లు పెట్టి పడుకోబెట్టాం. తెల్లారేసరికి వాపు తగ్గింది. నాకే నిద్రపట్టలేదు. లోటు ఎక్కడుందా అని ఆలోచిస్తుంటే మా కంచిలి జంక్షనే కళ్లముందు ఆడింది. సోంపేట ఆటో అయినా, కవిటి ఆటో అయినా నిండితేగానీ కదలదు. ఆలస్యమే. కానీ బండి కళ్లముందుంటుంది, డ్రైవరు ఎవరబ్బాయో తెలుసు, ఖాళీ సీటు నష్టం అతనికెంతో మనకీ తెలుసు. ఎదురుచూసే పదిమందీ ఒక్కచోటే ఉంటారు. సిటీలో అలా కాదు. అందరూ ఒకే గేటు ముందు నిలబడినా ఎవరి ఫోన్లో వాళ్ల ఎదురుచూపే. పక్కపక్కనే నిలబడి ఒకే వైపు వెళ్లేవాళ్లు ఒకరికొకరు తెలియరు.

అసలు ఫోన్ చేస్తే ఇంటికొచ్చే బండి అన్నది మా పల్లెలకు క్యాబ్‌తో రాలేదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108తో వచ్చింది. అది కూడా ఎదురుచూపే. కానీ ఎక్కడికి, క్యాషా అని అడగదు. ఆ భరోసాకు అలవాటుపడిన మా అత్తగారిలాంటి వాళ్లకు, పిలిస్తే వస్తానని మాటిచ్చి రాకపోవడమన్నది మింగుడుపడదు. ఉద్దానంలో బండంటే షికారు కాదు. డయాలసిస్ చేయించుకునే మనిషి వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక దూరం కొంత తగ్గింది. ఆ దూరాన్ని దాటించడానికి ఇప్పటికీ ఎవరో ఒకరి ఆటోనే దిక్కు. మా వీధిలో ఒకాయనకు ఆటో అబ్బాయి తెల్లవారుజామునే వస్తాడు, చికిత్స అయ్యేదాకా అక్కడే ఉండి తీసుకొస్తాడు. వెయిటింగ్ ఛార్జీ ఎంత అని ఆయన అడిగితే ఆ అబ్బాయికి కోపం వచ్చిందట.

ఈ తిప్పలు మనకే అనుకోకండి. అమెరికాలో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్లొచ్చిన మా పెదనాన్నగారమ్మాయి ఇలాంటి కథే చెప్పింది. అక్కడ మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాకా మామూలు క్యాబులు రావు. చెరువుకు ఇవతల ఉన్న రవాణా కేంద్రం దగ్గరే ఆగాలి. రాత్రి బాణసంచా అయిపోగానే జనమంతా మోనోరైలో పడవో ఎక్కి అక్కడికి చేరి, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని క్యాబ్ కోసం చూడాలి. లోకంలో ఏ వినోదాల పార్కయినా అంతే. ఊరికి దూరంగా కడతారు, పొద్దున ఒకరొకరుగా వచ్చినవాళ్లు సాయంత్రం ఒకేసారి బయటపడతారు.

మన దగ్గర నిబంధనలు లేకపోలేదు. 2025 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒప్పుకున్న బండిని సరైన కారణం లేకుండా రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా. డ్రైవరుకైనా, మనకైనా అంతే. రద్దీ వేళ ఛార్జీ మూల ధరకు రెండింతలు మించకూడదు. సొంత బండి నడిపేవాడికి ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలి. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. మంచివే. కానీ మా డ్రైవరు ఖాళీగా వచ్చిన ఆ ఇరవై కిలోమీటర్లు ఎవరి లెక్కలో వేయాలో వాటిలో లేదు. ప్రయాణికుడి దగ్గరకు వచ్చే దూరానికి మన దగ్గర వసూలు చేయకూడదంటాయి, మూడు కిలోమీటర్ల లోపు ప్రయాణమైతే తప్ప. మనకు న్యాయమే. మరి అతనికో? నూరు రూపాయల జరిమానా కన్నా ఖాళీ డీజిల్ ఖర్చే ఎక్కువైనంత కాలం గేటు ముందు ఎదురుచూపులు తప్పవు.

అలాంటి చోట్లకు పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బండి రోజంతా మాట్లాడుకునే స్తోమతు ఉంటే సరే. లేకపోతే నలుగురికన్నా గంట ముందే బయటపడితే బస్సులో సీటు దొరుకుతుంది. ఎల్బీనగర్ చేరితే చాలు, 2018 నుంచీ అక్కడ మెట్రో ఉంది. మియాపూర్ వెళ్లే రైలెక్కితే కూకట్‌పల్లిలోనే దిగొచ్చు. మందులూ, తిండీ రాత్రికి కూడా సరిపడా వెంట ఉంచుకోవాలి.

వేసవి సెలవులకు పిల్లలు అప్పుడే విశాఖ కైలాసగిరి పాట అందుకున్నారు. రోప్‌వే ఎక్కాలట, బొమ్మ రైలు ఎక్కాలట. అత్తగారికీ సరదాగానే ఉంది. కాకపోతే ఆవిడ షరతు ఒకటి పెట్టారు.

‘ఎల్లడం సంగతి తరవాత సూద్దాం. తిరిగొచ్చే బండేదో ముందు సెప్పండి.’