పదిమందిలో భోజన ప్రార్థన

కంచరపాలెములోని మా యింట ప్రార్థింపక ఎవరును ముద్ద యెత్తరు. ఉద్యోగమునుబట్టి కొంతకాలము ఇద్దరు చిన్నబిడ్డలతో సింగపూరులో కాపురముంటిమి. అక్కడ హాకరు సెంటర్లను పెద్ద భోజనశాలలు కలవు. చీనా, మలయు, తమిళ వంటకములమ్ము అంగళ్లన్నియు ఒక్కచోటనే యుండును.

ఒక సాయంకాలము బల్లలన్నియు జనులతో నిండియుండెను. నేను చుట్టు చూచి, సిగ్గుపడి, ప్రార్థింపకయే అన్నము కలిపితిని. నాలుగేండ్ల నా కుమార్తె పళ్ళెము ముట్టలేదు. “నాన్నా, ఇక్కడ యేసయ్య ఉండడా?” అని యడిగెను. నా చేయి నిలిచిపోయెను. నలుగురమును కన్నులు మూసికొంటిమి. ఎవరును నవ్వలేదు. తినినవారే తమ పళ్ళెములు తీయవలెనని 2021లో అక్కడ కట్టడి చేసిరి గాని, ప్రార్థింపవద్దని ఎవరును అనలేదు. అడ్డమైనది నా సిగ్గే.

పెనుగాలికి కొట్టుకొనుచున్న ఓడలో, 276 మంది నడుమ, పౌలు సిగ్గుపడక దేవుని స్తుతించి భుజించెను (అపొ. కార్య. 27:35–37). సంతలో, పెండ్లిపందిటిలో, హోటలులో నీవేమి చేయుచున్నావు? ఇంట నేర్పిన ప్రార్థనను బయట మనమే దాచినయెడల, దేవుడు ఇంటిగోడల వరకే యని మన బిడ్డలు నేర్చుకొందురు. ప్రభువు మన సిగ్గును తొలగించునుగాక. ఆమేన్.