శూన్యం చేసిన సాయం

బండి కొనేవారు అది ఎంత వేగంగా పోతుందని అడుగుతారు. ఎంత బరువు మోస్తుందని అడుగుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగేవారు అరుదు. నలభై ఏళ్లు వచ్చేవరకు నేనూ ఆ ప్రశ్న అడగలేదు. అడగవలసిన అవసరం 2011 వేసవిలో, భాకరాపేట కనుమదారిలో కలిగింది.

మా అన్న మదనపల్లె సమీపంలోని మా పల్లెలో టమోటా పండిస్తాడు. ఆయన దగ్గర 1997 నాటి పాత డీజిల్ పికప్ బండి ఉండేది. కోసిన కాయలను మదనపల్లె మార్కెట్టుకు చేర్చడం, అక్కడ ధర గిట్టనప్పుడు తిరుపతికి మోయడం దాని పని. ఆ రోజు తిరుపతిలో జరిగే ఒక సాహిత్య సదస్సులో నలోపాఖ్యానం గురించి నేను ప్రసంగించవలసి ఉంది. బస్సు కోసం ఎదురుచూడడం ఎందుకని అన్న పక్కనే కూర్చున్నాను. వెనుక టమోటా క్రేట్లు; నా ఒడిలో ప్రసంగ పత్రం.

పీలేరు దాటి భాకరాపేట చేరేసరికి తెల్లవారింది. అక్కడినుండి దారి అడవి నడుమ మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. దిగుడు మొదలు కాగానే అన్న గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజను ఆపివేశాడు.

“దిగేటప్పుడు డీజిల్ ఎందుకు దండగ? బండి దానంతట అదే పోతుంది” అన్నాడు.

ఇంజను చప్పుడు ఆగగానే పక్షుల కూతలు వినవచ్చాయి. చల్లని గాలి ముఖానికి తగిలింది. “ఎంత ప్రశాంతంగా ఉంది అన్నా!” అని నేను మెచ్చుకున్నాను కూడా. ఆ నిశ్శబ్దంలో ఆయనకు నలుని కథ చెప్పసాగాను. బాహుకుడనే మారుపేరుతో నలుడు ఋతుపర్ణ మహారాజుకు సారథియై రథం తోలుతుంటాడు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపమని రాజు కోరితే, అది అప్పుడే యోజన దూరం వెనుకబడిందని నలుడు బదులిస్తాడు. ఆ వేగాన్ని నేను వర్ణిస్తూ ఉండగా అన్న మూడోసారో, నాలుగోసారో బ్రేకు తొక్కాడు.

ఆయన ముఖం మారిపోయింది. పెడల్ రాయిలా బిగిసింది. రెండు కాళ్లూ మోపి తొక్కినా వేగం కొంత తగ్గిందే కాని బండి నిలవలేదు. ఎదుట మలుపు కనిపిస్తున్నది. అన్న బండిని కొండవైపు మట్టి కాలువలోకి దించాడు. చక్రం దిగబడి, బంపరు మట్టిగట్టుకు తగిలి బండి ఆగింది. మా ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. క్రేట్లు దొర్లి టమోటాలు రోడ్డంతా పరచుకున్నాయి. అన్న మాత్రం చాలాసేపు స్టీరింగు వదలలేదు. ఆయన చేతులు వణకడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

నేను సదస్సుకు పోలేదు. మరునాడు బండిని మరొక బండికి కట్టి మదనపల్లెలోని ఒక షెడ్డుకు చేర్చాము.

“దీని బ్రేకు బూస్టరు చిన్నది. పెద్దది వెయ్యి మేస్త్రీ” అన్నాడు అన్న.

మేస్త్రీ వెంటనే పనిముట్లు తీయలేదు. ముందు సీట్లో కూర్చుని, ఇంజను ఆపి ఉండగానే పెడల్‌ను అయిదారుసార్లు తొక్కాడు. తరువాత కాలు దానిమీదనే అదిమి ఉంచి ఇంజను స్టార్టు చేశాడు. “బూస్టరు బాగుంటే ఇప్పుడు పెడల్ కొంచెం కిందికి దిగాలి సార్. చూడండి, దిగలేదు” అన్నాడు. పెడల్ దగ్గర చెవి పెట్టి వినమన్నాడు. లోపల ఎక్కడో గాలి బుసకొడుతున్నది. “రబ్బరు పొర చినిగింది. గొట్టం కూడా పగిలింది.”

ఈ బూస్టరు చేసే పని ఏమిటని అడిగాను. ఆయన పాత బూస్టరునొకదానిని విప్పి చూపించాడు. అది పళ్లెం ఆకారంలో ఉన్న ఒక రేకు డబ్బా. దానిని నడుమ ఒక రబ్బరు పొర రెండు అరలుగా విభజిస్తుంది. మామూలు వేళల్లో రెండు అరలలోనూ గాలి చాలావరకు తొలగి ఉంటుంది. మనం పెడల్ తొక్కగానే ఒక చిన్న ద్వారం తెరుచుకుని, మనవైపు అరలోకి బయటి గాలి ప్రవేశిస్తుంది. అటువైపు శూన్యం, ఇటువైపు గాలి. ఆ గాలి పొరను నెట్టి మన కాలికి తోడు బలమవుతుంది.

గాలికి అంత బలమా అని ఆశ్చర్యపడనక్కరలేదు. చదరపు సెంటీమీటరు మీద వాతావరణం మోపే భారం దాదాపు ఒక కిలో. 17వ శతాబ్దంలో జర్మనీ దేశస్థుడు ఆటో వాన్ గెరికే రెండు లోహపు అర్ధగోళాలను కలిపి, లోపలి గాలిని తీసివేస్తే, గుర్రాల జట్లు లాగినా అవి విడిపోలేదు. 1920వ దశకంలో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ ఆ బలాన్నే బ్రేకుల సేవకు నియోగించాడు. 7 అంగుళాల వ్యాసం గల పొరకు ఒకవైపు మూడింట రెండు వంతుల గాలి లేకుండా చేస్తే దానిమీద సుమారు 170 కిలోల తోపుడు కలుగుతుంది. 9 అంగుళాలైతే అది దాదాపు 280 కిలోలు. వ్యాసం పెరిగింది రెండంగుళాలే. వైశాల్యం మాత్రం వర్గంతో పెరుగుతుంది కదా!

“మరి ఇంజను ఆపితే?” అన్నాను.

మేస్త్రీ అన్నవైపు చూశాడు. పెట్రోలు ఇంజను గాలి పీల్చేచోట శూన్యం దానంతట అదే ఏర్పడుతుందట. డీజిల్ ఇంజనుకు ఆ సదుపాయం లేదు. అందుకని ఆల్టర్నేటరు వెనుక ఒక చిన్న పంపును అమర్చి, దానిచేత గాలిని తోడిస్తారు. ఇంజను తిరిగినంతసేపే ఆ పంపు తిరుగుతుంది.

“ఇంజను ఆపితే డబ్బాలో మిగిలిన శూన్యం రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత మీ కాలే మీకు దిక్కు. ఇంత పెద్ద బూస్టరు వేసినా అంతే” అన్నాడు.

అన్న తలవంచుకున్నాడు. నేనూ తలవంచుకున్నాను. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకున్నవాణ్ణి నేనే గదా!

పెద్ద బూస్టరు వేయడానికి మేస్త్రీ ఒప్పుకున్నాడు కాని, అదొక్కటే వేయనన్నాడు. తోపుడు పెరిగితే ఆ ఒత్తిడిని పాత గొట్టాలు తట్టుకోవాలి. అరిగిన లైనింగులు పట్టునివ్వాలి. బూస్టరుకు తగిన మాస్టర్ సిలిండర్ కావాలి. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక చక్రాల మీద బరువుండదు. బ్రేకు అతిగా పట్టితే అవి బిగిసి జారిపోతాయి. అందుచేత ముందు వెనుకల మధ్య పట్టు సరిచూడాలి. ఇదంతా వివరించి ఖర్చు చెప్పాడు. అది ఒక కోత రాబడిని మింగివేసే మొత్తం. అన్న ఒక్క క్షణం ఆలోచించి “కానీ” అన్నాడు.

పని రెండు రోజులు పట్టింది. బూస్టరుకూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్యనుండే కడ్డీ దగ్గర మేస్త్రీ ఎక్కువసేపు గడిపాడు. అది పొడుగైతే బ్రేకులు ఎప్పుడూ రాసుకుని వేడెక్కుతాయి. పొట్టిదైతే పెడల్ వృథాగా లోపలికి పోతుంది. చివరకు బ్రేక్ ఆయిల్‌లోని గాలి బుడగలను తీసే వేళ నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన చక్రం దగ్గరనుండి “తొక్కండి సార్... పట్టుకోండి... వదలండి” అంటుంటే నేను శిష్యుడిలా ఆజ్ఞ పాటించాను.

ఖాళీ స్థలంలో పరీక్షించినప్పుడు అన్న పాత అలవాటు కొద్దీ గట్టిగా తొక్కాడు. బండి ఠక్కున నిలిచింది. నా కళ్లజోడు ఎగిరి కిందపడింది. “ఇక కాలికి కొత్త లెక్క నేర్పాలి” అని మేస్త్రీ నవ్వాడు. కనుమ దిగేటప్పుడు ఇంజను ఆపవద్దనీ, చిన్న గేరులోనే దిగమనీ, ఎడతెగకుండా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాగి పట్టు తగ్గుతుందనీ, అప్పుడు ఏ బూస్టరూ ఆదుకోదనీ మరీ మరీ చెప్పాడు.

కొన్నాళ్లకు మళ్లీ అదే కనుమలో అన్నతో ప్రయాణం చేశాను. బండి రెండో గేరులో గర్జిస్తూ దిగింది. ఆ హోరులో కథ చెప్పడానికి వీలు లేకపోయింది. పక్షుల కూతలూ వినబడలేదు. అయినా ఆ చప్పుడు నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

ఇంటికి వచ్చి నా ప్రసంగ పత్రాన్ని తీసి చూసుకున్నాను. అందులో నలుని రథవేగం గురించి పుటలకొద్దీ రాశాను. ఆ కథలోనే కొంతదూరం పోయాక నలుడు రథాన్ని ఆపుతాడు. ఋతుపర్ణుడు చెప్పిన లెక్క సరిపోతుందో లేదో చూడడానికి దారి పక్కనున్న తాండ్రచెట్టు దగ్గర దిగుతాడు. అక్కడే అతనికి అక్షహృదయ విద్య లభిస్తుంది. అక్కడే కలి అతనిని విడిచిపోతాడు. అతని కష్టాలు తీరడానికి దారి తెరిచింది ఆ ఆగిన చోటే. ఇన్నేళ్లు ఆ ఘట్టాన్ని పాఠం చెప్పిన నాకు ఆ సంగతి తోచలేదు. అశ్వహృదయం ఎరిగినవాడంటే వేగంగా తోలేవాడు మాత్రమే కాదు, ఆపవలసినచోట ఆపగలవాడు కూడా. ఆ పాఠం నాకు ఒక షెడ్డులో, నూనె మరకల చేతుల మేస్త్రీ వద్ద దొరికింది.

ఆ వ్యాసాన్ని మొదటినుండి తిరిగి రాశాను.